జాతీయ సమాఖ్య నుంచి మన ఫోటోగ్రాఫర్ల సంఘం బయటికి రావాలా? ఓటుకు ముందు భరోసా లెక్క తేల్చండి

నల్లకుంట ఫోటోలు | ఆదివారం రాత్రి 10.40

అందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశం నోటీసు మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి అందరికీ తీరిక అని, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టారు. ఎజెండాలో మూడో అంశం చూశారా? "జాతీయ సమాఖ్యతో అనుబంధం రద్దు, స్వతంత్ర సంఘంగా కొనసాగింపు." ఒక్క వాక్యం. కింద వివరణ లేదు, లెక్క లేదు.

విడిపోవాలన్న కోపం నాకూ ఉంది. మనం ఏడాదికి కట్టే ఆరు వందల్లో నూట యాభై ఢిల్లీకి పోతుంది. అక్కడి నుంచి వచ్చే సర్క్యులర్లు హిందీలో ఉంటాయి. పెద్ద రాష్ట్రమైనా చిన్న రాష్ట్రమైనా కార్యవర్గంలో రెండేసి ఓట్లే. ఇవన్నీ నిజమే.

కానీ నేను అడిగేది వేరే. పోయిన మాఘంలో మా తోటి సభ్యుడు ఒకాయన కర్మన్‌ఘాట్ దగ్గర ఫంక్షన్ హాల్లో తలంబ్రాలు తీస్తూ తీస్తూ కుప్పకూలిపోయాడు. నేను రెండో కెమెరా. ఆయన చేతిలోని కెమెరా కింద పడకుండా పెళ్ళికొడుకు తమ్ముడు పట్టుకున్నాడు, మనిషిని పట్టుకోవడానికి నాకు రెండు క్షణాలు ఆలస్యమైంది. ఆస్పత్రికి వెళ్ళేసరికే అయిపోయింది. వయసు నలభై ఆరు. నెల రోజుల తర్వాత ఆయన భార్య మా స్టూడియోకి వచ్చింది. పాల ప్యాకెట్ కవరు ఒకటి కడిగి ఆరబెట్టి, అందులో ఆయన సంఘం కార్డులు అన్నీ పెట్టి తెచ్చింది. పదకొండేళ్ళ కార్డులు, ఒక్కటి కూడా నలగలేదు. "అన్నా, భరోసా డబ్బు ఎప్పుడొస్తుంది" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ భరోసా, అంటే సభ్యుడు చనిపోతే కుటుంబానికి రావాల్సిన బీమా డబ్బు, సమాఖ్య గ్రూప్ పాలసీ కింద ఉంది. మనం ఓటేసి బయటికొస్తే ఆమె దరఖాస్తు ఏమవుతుంది? ఆ రోజు నుంచి కొత్తది వచ్చేదాకా మధ్యలో ఎవరైనా పోతే వాళ్ళ ఇంటికి ఎవరు జవాబు చెప్తారు? ఇది తేలకుండా చెయ్యి ఎత్తడం నాకు చేతకాదు. మీ మాట చెప్పండి.

కోఠి గల్లీ | ఆదివారం రాత్రి 11.05

అన్నా, నువ్వు చెప్పింది చదివి మనసు కలుక్కుమన్నది. ఆయన నాకూ తెలుసు, బ్యాంక్ స్ట్రీట్‌ల లెన్సులు రిపేరుకు ఇచ్చేటప్పుడు మా దుకాణంల కూసునేటోడు. కానీ నువ్వే ఆలోచించు. ఆమెకు అయిదు నెలల నుంచి పైసలు రాలేదంటే కారణం ఎవరు? సమాఖ్యనే కద. మనం ఇంక వాళ్ళనే పట్టుకొని ఏలాడితే రేపు ఇంకో ఆడబిడ్డ గట్లనే కవరు పట్టుకొని వస్తది. నేను విడిపోవుడుకే ఓటేస్తా. మన పైసలు మన దగ్గర ఉంటే మన మనిషి సచ్చిన మూడో దినానికి ఇంటికి చేరుస్తం. మన ఊరి సంఘాలు గట్లనే చేస్తయి.

ఎల్బీనగర్ క్యాండిడ్ | ఆదివారం రాత్రి 11.20

నేను ఫీల్డుకి వచ్చి నాలుగేళ్ళే. సమాఖ్య వల్ల నాకు ఒక్క లాభమూ కనిపించలేదు. డెస్టినేషన్ పెళ్ళికి ఉదయ్‌పూర్ వెళ్ళినప్పుడు కార్డు చూపిస్తే అక్కడి సంఘం వాళ్ళు గుర్తుపట్టారు, అంతే. ఒక లైట్ కాలిపోతే వాళ్ళే రాత్రికి రాత్రి ఇంకోటి ఇప్పించారు. ఆ సాయం మాత్రం మర్చిపోలేను.

ఆల్బమ్ అక్క | సోమవారం ఉదయం 7.15

తమ్ముడూ, ఒక్క లాభమూ లేదని మొదలుపెట్టి నువ్వే లాభం చెప్పావు. పరాయి ఊళ్ళో రాత్రి పన్నెండుకి లైట్ దొరకడం చిన్న సంగతి కాదు.

నేను ఆల్బమ్ డిజైనర్ని. మా లాంటి వాళ్ళకి అసలు కార్డులే ఇచ్చేవాళ్ళు కాదు, కెమెరా పట్టేవాళ్ళకే సభ్యత్వం అన్నారు. మూడేళ్ళు తిరిగితే రాష్ట్ర సంఘమే ఒప్పుకుంది, సమాఖ్య ఒప్పుకోలేదు. అందుకే మా వాటా ఢిల్లీకి పోదు, మాకు భరోసా కూడా లేదు. విడిపోతే మమ్మల్ని కూడా కలుపుకుని కొత్త పథకం పెడతారా? అలాగైతే నా ఓటు బయటికి రావడానికే. లేకపోతే నాకు లోపల ఉన్నా బయట ఉన్నా ఒకటే.

ఖాతాపుస్తకం | సోమవారం ఉదయం 9.50

నేను ఫోటోగ్రాఫర్ని కాదు. మా నాన్నగారి స్టూడియో వల్ల సంఘంతో అనుబంధం. వృత్తి రీత్యా లెక్కలు చూస్తాను, రెండేళ్ళు సంఘం ఆడిట్‌లో సాయం చేశాను. నాకు తెలిసింది చెప్తాను.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది: మనం సమాఖ్యకు శాఖా, లేక అనుబంధ సంఘమా? రెండూ ఒకటి కావు. శాఖ అయితే బ్యాంకు ఖాతా, ఆఫీసు, పేరు అన్నీ పైవాళ్ళవే, మనం బయటికి వస్తే చేతులూపుకుంటూ రావాలి. అనుబంధ సంఘం అయితే మన రిజిస్ట్రేషన్ నంబరు వేరు, పాన్ వేరు, బైలాస్ (సంఘం నియమావళి) వేరు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆ చట్టమే ఇప్పుడు తెలంగాణలో నడుస్తోంది. మన సంఘం దాని కిందే విడిగా రిజిస్టర్ అయింది, సర్టిఫికెట్ నేను కళ్ళారా చూశాను. కాబట్టి బయటికి రావడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, మన సర్వసభ్య సమావేశం తీర్మానం చాలు.

అయితే మన బైలాస్‌లో రెండో నిబంధనే "జాతీయ సమాఖ్యకు అనుబంధంగా" అని మొదలవుతుంది. అంటే మామూలు తీర్మానం సరిపోదు. బైలాస్ సవరణ కావాలి, సవరణ పాఠం నోటీసుతో పాటు ముందే సభ్యులకు పంపాలి, తర్వాత రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఇప్పుడొచ్చిన నోటీసులో సవరణ పాఠం లేదు. ఎవరైనా అభ్యంతరం పెడితే అదే చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు పోవచ్చు, లేదా మధ్యవర్తిత్వం అడగొచ్చు. ఈ ఒక్క లోపం మీద ఏళ్ళ తరబడి ఇరుక్కుంటాం.

కృష్ణానగర్ స్టిల్స్ | సోమవారం మధ్యాహ్నం 2.30

సినిమాల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా ముప్ఫై ఏళ్ళు. మా పెద్దవాళ్ళు మద్రాసులో ఉన్నప్పుడు కార్డులన్నీ దక్షిణ భారత సినిమా కార్మికుల సమాఖ్య కింద. పరిశ్రమ హైదరాబాద్ వచ్చాక ఇక్కడే సొంత ఫెడరేషన్, 24 క్రాఫ్టుల సంఘాలు. నటులకు కూడా 1993లో 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) వచ్చింది. అంటే విడిపోవడం మన తెలుగువాళ్ళకి కొత్త కాదు, తప్పూ కాదు. పని ఎక్కడుంటే సంఘం అక్కడ ఉండాలి.

కానీ ఒక సంగతి మా గురువు చెప్పేవాడు. మద్రాసు కార్డు చెల్లదు, హైదరాబాద్ కార్డు ఇంకా చేతికి రాలేదు, ఆ మధ్యకాలంలో ఆయన పని లేకుండా ఏడాది ఉన్నాడు. ఇంట్లో పెద్దది, బెలోస్ (మడతలు పడే తిత్తి) ఉన్న పాత కెమెరా ఒకటి ఉండేదట. అది అమ్మి పిల్లల ఫీజు కట్టాడు. ఆ కెమెరా సంగతి ఎత్తినప్పుడల్లా గొంతు మారిపోయేది. నల్లకుంట అన్న అడిగే "మధ్యలో" అనే మాట నాకు అందుకే గుచ్చుకుంది.

కోఠి గల్లీ | సోమవారం సాయంత్రం 6.10

జర్నలిస్టులు చేయలేదా? 1950 సంవత్సరంల పెట్టిన ఐఎఫ్‌డబ్ల్యూజే (ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ వర్కింగ్ జర్నలిస్ట్స్) నుంచి బయటకొచ్చి ఐజేయూ (ఇండియన్ జర్నలిస్ట్స్ యూనియన్) పెట్టుకున్నరు, మన దగ్గరి యూనియన్ దాంట్ల ముందున్నది. ఏమైనా మునిగిపోయిన్రా?

లైట్‌మీటర్ | సోమవారం రాత్రి 8.45

అన్నా, జర్నలిస్టులు బయటికి వచ్చి ఒంటరిగా కూర్చోలేదు. ఇంకో జాతీయ సంఘం కట్టుకున్నారు. మనం బయటికొచ్చి ఎక్కడికి పోతున్నాం? జీఎస్టీ గురించో, పెళ్ళిలో డ్రోన్ ఎగరేసే నిబంధనల గురించో మాట్లాడాలంటే ఢిల్లీలోనే మాట్లాడాలి. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చినప్పుడు 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో పెళ్ళి తీసి డబ్బు తీసుకోవాలంటే పైలట్ సర్టిఫికెట్ కావాలని మనలో ఎంతమందికి తెలుసు? సమాఖ్య సర్క్యులర్ చదివే నాకు తెలిసింది. హిందీలో ఉంది, నిజమే. మా అబ్బాయితో చదివించుకున్నాను.

సమాఖ్యలో లోపాలున్నాయి. లోపల ఉండి కొట్లాడాలి. ఓట్ల సంఖ్య సభ్యుల సంఖ్యను బట్టి ఉండాలని మనం ఒక్కసారైనా రాతపూర్వకంగా అడిగామా? నేను కార్యదర్శిగా ఉన్న రెండేళ్ళలో అడగలేదు. ఆ తప్పు నాది కూడా.

మలక్‌పేట డ్రోన్ | సోమవారం రాత్రి 9.00

సర్క్యులర్ తెలుగులో వేయడానికి పెద్ద ఖర్చేం కాదు కదా సార్. నేనే చేసి పెడతా.

ఖాతాపుస్తకం | మంగళవారం రాత్రి 10.30

ఈ రోజు ఆఫీసుకెళ్ళి కోశాధికారి గారి అనుమతితో రసీదుల ఫైలు చూశాను. నల్లకుంట గారు చెప్పిన సభ్యుడి విషయమే చూశాను. ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. రాయకపోతే అన్యాయం.

ఆయన సభ్యత్వం పోయిన ఏడాది ఏప్రిల్‌లోనే రెన్యువల్ చేసుకున్నాడు. రసీదు ఉంది, సంతకం ఉంది. ఆ ఏడాది సభ్యుల వాటా మన సంఘం నుంచి సమాఖ్యకు వెళ్ళింది ఈ మార్చి రెండో వారంలో. పదకొండు నెలలు మన ఖాతాలోనే ఉంది. ఆయన చనిపోయింది మాఘంలో, అంటే ఫిబ్రవరిలో. సమాఖ్య జాబితాలో ఆ తేదీకి ఆయన పేరు లేదు. దరఖాస్తు ఆగింది అందుకే. ఢిల్లీ నుంచి ఈ ఏప్రిల్‌లో ఒక ఉత్తరం కూడా వచ్చింది, డబ్బు ఎప్పుడు పంపారో బ్యాంకు రుజువు పెట్టమని. దానికి మన ఆఫీసు జవాబివ్వలేదు.

కోఠి గల్లీ | మంగళవారం రాత్రి 10.52

నిజమా సార్ ఇది?

ఖాతాపుస్తకం | మంగళవారం రాత్రి 10.58

నిజమే. ఫైల్లో ఉత్తరం ఉంది. పైన "చూడాలి" అని పెన్సిల్‌తో రాసి ఉంది.

నల్లకుంట ఫోటోలు | మంగళవారం రాత్రి 11.40

చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ అమ్మాయితో నేను నాలుగు నెలలుగా "ఢిల్లీ వాళ్ళు ఆపారమ్మా" అంటున్నాను. రేపు పొద్దున వెళ్ళి, కాదు తల్లీ, ఆపింది మనవాళ్ళే అని చెప్పాలి. చెప్తాను.

నేను ఎవరి మీదా నెపం వేయడానికి ఇది రాయడం లేదు. ఆ కార్యవర్గంలో ఉన్నవాళ్ళు నా స్నేహితులే, జీతం లేకుండా చేస్తున్నారు, సీజన్లో నిద్ర లేకుండా రీళ్ళు ఎడిట్ చేసుకుంటూ సంఘం పని చూస్తున్నారు. కానీ పంపాల్సిన డబ్బు పదకొండు నెలలు పంపని ఆఫీసే రేపు మొత్తం భరోసా నిధిని ఒంటిచేత్తో నడపబోతోంది. "మన పైసలు మన దగ్గర ఉంటే మూడో దినానికి ఇస్తం" అన్నాడు కోఠి తమ్ముడు. ఇవ్వాలనే నా కోరికా. ఇవ్వగలమా?

కోఠి గల్లీ | బుధవారం ఉదయం 6.30

రాత్రి నిద్ర పట్టలే అన్నా. ఆయన మా దుకాణంల కూసున్న కుర్చీ ఇంక గదే మూలకు ఉన్నది. నేను విడిపోవుడు మాట వెనక్కి తీసుకుంటలేను. ఢిల్లీకి మన మాట వినబడదు, గా సంగతి మారలే. కానీ భరోసా సంగతి తేలకుండ ఓటు పెట్టొద్దు. గా మాట నేనే మీటింగుల లేచి చెప్త. ఉత్తరానికి జవాబు నేనే రాయిస్త, సంతకం ఎవరిది కావాల్నో చెప్పున్రి.

ఖాతాపుస్తకం | బుధవారం ఉదయం 10.15

కార్యదర్శి సంతకం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆయన ఏప్రిల్ రసీదు నకలు. ఈ మూడూ పెడితే మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు. వస్తుందని మాటివ్వలేను. రాకపోతే ఆ మొత్తం మన సంఘమే ఇవ్వాలని నా అభిప్రాయం, ఎందుకంటే డబ్బు కట్టించుకున్నది మనం.

ఇక కొత్త పథకం గురించి. కొందరు మెసేజ్ పెట్టి అడిగారు, మనమే తలా కొంత వేసుకుని, చనిపోతే ఇంత అని బాండు రాసిస్తే సరిపోదా అని. వద్దు. ఇంత కడితే ఇంత కచ్చితంగా ఇస్తాం అని రాసిస్తే అది బీమా అవుతుంది. 1938 నాటి బీమా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఆ వ్యాపారం ఎవరూ చేయకూడదు. సాయం చేయొచ్చు, ఇంత ఇస్తామని ఒప్పందం మాత్రం రాయకూడదు. సరైన దారి ఏ బీమా కంపెనీ దగ్గరో మన సంఘం పేరు మీద గ్రూప్ పాలసీ తీసుకోవడం. బీమా కోసమే పుట్టిన గుంపుకు పాలసీ ఇవ్వరు, కానీ మనది వృత్తి సంఘం కాబట్టి ఆ ఇబ్బంది రాదు. కొత్త పాలసీలో మొదటి కొన్ని వారాలు కొన్నిటికి వర్తించకపోవచ్చు. కాబట్టి పాతది ముగియకముందే కొత్తది మొదలవ్వాలి, రెండూ కొంతకాలం ఒకదాని మీద ఒకటి ఉండాలి. ఖర్చు రెట్టింపవుతుంది, అది భరించక తప్పదు.

ఈలోగా ఒక పని ప్రతి ఒక్కరూ ఈ వారమే చేయండి. మీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమా 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, 50 ఏళ్ళ లోపు చేరాలి, కొత్తగా చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. రెండోది ప్రమాదానికి, 70 ఏళ్ళ దాకా. వీటికి సంఘంతో, సమాఖ్యతో సంబంధం లేదు. ఆల్బమ్ అక్క గారూ, మీకూ వర్తిస్తాయి.

ఆల్బమ్ అక్క | బుధవారం మధ్యాహ్నం 1.20

ఇప్పుడే బ్యాంకులో ఫారాలు నింపి వచ్చాను బాబూ. నాతో పాటు మా ల్యాబ్‌లో పనిచేసే నలుగురు అమ్మాయిలతో కూడా నింపించాను. నామినీ దగ్గర ఒకమ్మాయి వాళ్ళమ్మ పేరు రాసి, స్పెల్లింగ్ ఆధార్‌లో ఎలా ఉందో ఫోన్ చేసి కనుక్కుంది.

లైట్‌మీటర్ | బుధవారం సాయంత్రం 5.40

ఇంకొకటి. విడిపోవడమంటే ఆస్తి పంపకం కూడా. మన దగ్గర సమాఖ్య పేరుతో జరిగిన ఎగ్జిబిషన్ తాలూకు డిపాజిట్ ఒకటి ఉంది, ఉమ్మడి సంతకాలతో. రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రకు, తెలంగాణకు జనాభాను బట్టి 58:42 అని ఒక లెక్కైనా ఉంది. అయినా ఉన్నత విద్యామండలి బ్యాంకు ఖాతాల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2016 మార్చిలో గానీ తీర్పు రాలేదు. మనకు ఏ నిష్పత్తీ రాసుకోలేదు. ఖాతా స్తంభిస్తే ఎవరికీ పనికిరాదు. ఓటుకు ముందే సమాఖ్యతో కూర్చుని ఒక కాగితం రాసుకోవాలి. నేను వెళ్తాను, రైలు చార్జీలు నావే.

ఎల్బీనగర్ క్యాండిడ్ | బుధవారం రాత్రి 7.05

ఇంతమంది పెద్దవాళ్ళు ఇంత వివరంగా చెప్తుంటే నాకు ధైర్యం వచ్చింది, ఒకటి అడుగుతాను. విడిపోతే మన కార్డు మీద ఏ గుర్తు ఉంటుంది? ఇప్పుడున్న లోగో సమాఖ్యది. ఈ నగరంలో రాజా దీన్‌దయాళ్ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్నారు, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. ఢిల్లీ పేరు లేకపోయినా హైదరాబాద్ ఫోటోగ్రాఫర్ అని చెప్పుకోవడానికి మనకేం తక్కువ? నాకు మాత్రం ఆ రోజు గర్వంగా ఉంటుంది. కానీ ఉదయ్‌పూర్‌లో లైట్ ఇచ్చినవాళ్ళతో సంబంధం తెగిపోకూడదు. అనుబంధం రద్దయినా పరస్పర గుర్తింపు ఒప్పందం లాంటిది రాసుకోవచ్చా?

ఖాతాపుస్తకం | బుధవారం రాత్రి 8.10

రాసుకోవచ్చు తమ్ముడూ. మంచి మాట అన్నావు. లైట్‌మీటర్ గారు తీసుకెళ్ళే కాగితంలో అదీ చేర్చాలి.

నల్లకుంట ఫోటోలు | గురువారం రాత్రి 9.30

నిన్న పొద్దున ఆమె ఇంటికి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఏడవలేదు, కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఆ కవరు తెచ్చి ఏప్రిల్ రసీదు తీసి నా చేతిలో పెట్టింది. "ఇది అసలుది అన్నా, జెరాక్స్ తీయించుకుని మళ్ళీ ఇచ్చేయండి, ఆయన సంతకం ఉంది" అంది. సాయంత్రానికే తిరిగిచ్చాను.

కార్యదర్శి గారితో మాట్లాడాను. మూడో అంశాన్ని ఈ సమావేశంలో ఓటుకు పెట్టకుండా చర్చకు మాత్రమే పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆయన గొంతు కూడా బాగోలేదు. ఉత్తరం పైన పెన్సిల్ రాత తనదేనని ఆయనే చెప్పారు. ఓటు కార్తీకంలో సవరణ పాఠంతో సహా కొత్త నోటీసు ఇచ్చాకే. అప్పటికి కొత్త పాలసీ కొటేషన్, లైట్‌మీటర్ సార్ తెచ్చే కాగితం, ఆల్బమ్ డిజైనర్ల సభ్యత్వం, ఈ మూడూ సభ్యుల ముందు ఉండాలి. ఉంటే నేనూ బయటికి రావడానికే చెయ్యి ఎత్తుతాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

వేదిక నిర్వాహకుడు | గురువారం రాత్రి 9.55

తేదీ గురించి చాలామంది అడుగుతున్నారు. నోటీసులో వేసిన ఆదివారం లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి దారులుండవు, సగం మందికి బోనాల కవరేజీ పని కూడా ఉంది. తర్వాతి ఆదివారం లాల్‌దర్వాజ బోనాలు. కాబట్టి మధ్యలో బుధవారం సాయంత్రం నాలుగు గంటలకి మార్చారు. అదే హాలు, రెండో అంతస్తు.

కోఠి గల్లీ | గురువారం రాత్రి 10.20

ఉత్తరం పోయింది. స్పీడ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్‌తోని. రసీదు ఫోటో తీసి పెట్టిన. కార్యదర్శి అన్న నాతోనే పోస్టాఫీసుకు వచ్చిండు, లైన్ల నిలబడి పైసలు ఆయనే కట్టిండు. బుధవారం నాడు ఆమెను మీటింగుకు నేను బండి మీద తీసుకొస్త, ముందు వరుసల ఒక కుర్చీ ఆపున్రి.